ప్లగ్గు విప్పే ముందు దుమ్ము ఊదండి: చిన్న పెట్రోల్ కారులో స్పార్క్ ప్లగ్గులు మార్చుకునే పద్ధతి

అనంతపురంలో ఆషాఢం గాలి మొదలైందంటే పొద్దున తుడిచిన కారు సాయంత్రానికి ఎర్రబడిపోతుంది. పైన పడ్డ దుమ్ము బకెట్ నీళ్ళతో పోతుంది. బానెట్ కింద, పెట్రోలును అంటించే స్పార్క్ ప్లగ్గులు కూర్చునే గుంతల్లో చేరిన దుమ్ము అలా పోదు, పొరలు పొరలుగా పేరుకుంటుంది. మనం ప్లగ్గు విప్పిన క్షణాన అదంతా నేరుగా సిలిండర్‌లోకి జారుతుంది. లోపల పిస్టన్‌కూ గోడకూ మధ్య ఆ ఇసుక రేణువులు ఎమరీ పేపర్ చేసే పనే చేస్తాయి. అందుకే మన జిల్లాల్లో ప్లగ్గులు మార్చడమంటే ముందు శుభ్రం చేసే పని, ఆ తర్వాతే స్పానర్ పని.

పని మాత్రం కష్టమైనది కాదు. మూడు సిలిండర్ల బండికి తాపీగా చేసినా గంటన్నర చాలు. మా ఆల్టోకు నేనే మార్చుకుంటాను. అలా నేర్చుకోవడానికి కారణం ఒక నష్టం. ఒకసారి గుత్తి నుంచి వస్తుంటే దారిలో ఇంజన్ మిస్సింగ్ కొట్టింది, అంటే ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా అంటుకోవడం లేదు. రోడ్డు పక్కన షెడ్డులో ఆపితే, కాగిపోతున్న ఇంజన్ మీదే ప్లగ్గులు విప్పి, తుడిచి, పొడవాటి రాడ్డు వేసి బలంగా బిగించారు. బండి బాగానే నడిచింది. తర్వాతి సారి విప్పినప్పుడు రెండో సిలిండర్ ప్లగ్గు మరల్లో సన్నటి వెండి తీగలాంటిది చుట్టుకుని వచ్చింది. అది హెడ్డులోని, అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే భాగంలోని, అల్యూమినియం. ప్లగ్గు పట్టుకోవాల్సిన మరలే ఊడి వచ్చాయి. లోపల కొత్త మర తొడిగించడానికి పెట్టిన ఖర్చుతో రెండు సెట్ల ప్లగ్గులు కొనొచ్చు.

మిస్సింగ్ అని ఎలా తెలుస్తుంది

పొద్దున సెల్ఫ్ కొడితే ఒక్కసారికి అందుకోదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. టవర్‌క్లాక్ వైపు బ్రిడ్జి ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కినా పికప్ ఉండదు, ఎవరో వెనక్కి గుంజుతున్నట్టు ఉంటుంది. మైలేజ్ పడిపోతుంది. 1983లో మారుతి 800 వచ్చినప్పటి నుంచి మన ఊళ్ళలో చిన్న కార్లలో చాలా వాటికి మూడే సిలిండర్లు. నాలుగు సిలిండర్ల బండిలో ఒకటి పనిచేయకపోతే పావు వంతు బలం పోతుంది, మూడింటి బండిలో మూడో వంతు పోతుంది. అందుకే ఆల్టో లాంటి కారులో ఒక్క ప్లగ్గు చెడినా బండంతా ఊగుతుంది.

డ్యాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మ లైటు వెలిగి అలాగే నిలిచి ఉంటే ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు. అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే వేగం తగ్గించి, వీలైనంత త్వరగా బండి పక్కన ఆపండి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు చేరి అక్కడ మండుతుంది. చవక ప్లగ్గును పట్టించుకోకపోతే వేల రూపాయల కన్వర్టర్ కాలిపోతుంది.

ఇంకో మాట. ముందురోజు వాటర్ సర్వీస్ చేయించి, ఇంజన్ మీద కూడా ప్రెషర్‌తో నీళ్ళు కొట్టించి ఉంటే, మిస్సింగ్‌కు ప్లగ్గు కారణం కాకపోవచ్చు. గుంతలో నీళ్ళు నిలిస్తే కరెంటు ప్లగ్గు కొనలోని సందు దూకకుండా తడి వెంబడి పక్కకు పారిపోతుంది. ప్లగ్గు మీద కూర్చుని దానికి కరెంటు పంపే కాయిల్ తీసి, తడి ఆరబెట్టి, మళ్ళీ పెట్టి చూశాకే ప్లగ్గుల మీద అనుమానపడండి.

ప్లగ్గు ఎందుకు అరుగుతుంది, ఎప్పుడు మార్చాలి

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. కాయిల్ దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది, ఇరవై వేలు దాటడం మామూలే. ప్లగ్గు కొనలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా సందు ఉంటుంది, దాన్నే గ్యాప్ అంటారు. ఆ గ్యాప్‌ను దూకిన నిప్పురవ్వే పెట్రోలు ఆవిరిని అంటిస్తుంది. ఇంజన్ 3000 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకోసారి పేలే ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు పేలాలి. గంట ప్రయాణానికి తొంభై వేల సార్లు.

పేలిన ప్రతిసారీ కంటికి కనిపించనంత లోహం ఎగిరిపోతుంది. కొత్త ప్లగ్గు అంచులు కత్తిరించినట్టు పదునుగా ఉంటాయి, పాతదానివి కరిగిన సబ్బుబిళ్ళలా గుండ్రబడతాయి. గ్యాప్ పెరిగే కొద్దీ దాన్ని దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ భారం కాయిల్ మీద పడుతుంది. అరిగిన ప్లగ్గులతో ఏళ్ళ తరబడి నడిపిన బండ్లలో కాయిళ్ళు పోవడానికి ఇదొక ముఖ్యమైన కారణం.

మామూలు నికెల్ ప్లగ్గులకు 30,000 నుంచి 40,000 కిలోమీటర్లు లెక్క పెట్టుకోండి. ఇరిడియం ప్లగ్గులు 80,000 నుంచి లక్ష దాకా వస్తాయి. మీ బండి మాన్యువల్‌లో అంకె వేరుగా ఉంటే దాన్నే నమ్మండి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ మీద నడిపేవాళ్ళు ఇంకా ముందుగానే చూసుకోవాలి. గ్యాస్ మిశ్రమాన్ని అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి గ్యాప్ కాస్త పెరిగినా మిస్సింగ్ మొదలవుతుంది.

నేనైతే శివరాత్రి వెళ్ళాక, ఎండలు ముదరకముందు ఒక ఆదివారం బానెట్ ఎత్తుతాను. మార్చే సమయం రాకపోయినా విప్పి చూడటానికి అదే మంచి కాలం. గాలి నెమ్మదిగా ఉంటుంది, దుమ్ము తక్కువ.

ఎండలకు కోల్డ్ ప్లగ్గు వేయాలా

మా దగ్గర చాలామంది అడిగే ప్రశ్న ఇది. 43 డిగ్రీల ఎండలో తిరిగే బండికి కోల్డ్ ప్లగ్గు వేస్తే మంచిదని కొందరు సలహా ఇస్తారు. వద్దు. ప్లగ్గులో హాట్, కోల్డ్ అనేవి బయటి వాతావరణానికి సంబంధించినవి కావు. కొనలో చేరిన వేడిని ప్లగ్గు ఎంత త్వరగా హెడ్డుకు పంపిస్తుందనేదే ఆ లెక్క. లోపలి పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి నిదానంగా పోతుంది, అది హాట్ ప్లగ్గు. పొట్టిగా ఉంటే త్వరగా పోతుంది, అది కోల్డ్.

కొన వేడి సుమారు 500 డిగ్రీలు దాటితేనే దానికి అంటిన మసి దానంతట అదే కాలిపోతుంది. 850 డిగ్రీలు బాగా దాటిందంటే నిప్పురవ్వ రాకముందే ఆ కొనే పెట్రోలును అంటించేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉండేలా కంపెనీ ప్లగ్గును ఎంచుతుంది. సిలిండర్‌లో మంట రెండు వేల డిగ్రీలు దాటుతుంది, దాని ముందు బయటి ఎండలో పది డిగ్రీల తేడా లెక్కలోకి రాదు. ఊరికే కోల్డ్ ప్లగ్గు వేస్తే, మార్కెట్టుకూ బడికీ తిరిగే బండిలో కొన చాలినంత వేడెక్కక మసి పట్టి మళ్ళీ మిస్సింగ్ వస్తుంది.

కొనేటప్పుడు పాత ప్లగ్గు మీది నంబరు, మాన్యువల్‌లోని నంబరు రెండూ సరిచూడండి. అంతకుముందు ఎవరో తప్పుడు ప్లగ్గు వేసి ఉండొచ్చు కాబట్టి పాతదాన్ని మాత్రమే చూపించి కొనకండి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గు నంబరు చదవడం తేలిక. బీకేఆర్6ఈ-11 తీసుకుందాం. ఆర్ అంటే రేడియోలో గరగర రాకుండా లోపల రెసిస్టర్ ఉందని. 6 హీట్ రేంజ్, అంటే ప్లగ్గు ఎంత హాటో ఎంత కోల్డో చెప్పే అంకె, ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు, చివరి 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. ఎన్‌జీకేలో హీట్ రేంజ్ అంకె పెరిగితే కోల్డ్, బాష్ కంపెనీ ప్లగ్గుల్లో పెరిగితే హాట్. ఒకదాని అంకె చూసి ఇంకోదాన్ని కొంటే తలకిందులవుతుంది. మర పొడవు తప్పితే ఇంకా ప్రమాదం, ఎక్కువ పొడవుంటే పిస్టన్‌కే తగలొచ్చు.

నకిలీ సరుకు ఉంది కాబట్టి తెలిసిన స్పేర్స్ షాపులో బిల్లు అడిగి తీసుకోండి. పింగాణీ మీది అచ్చు గోటితో గీకితే పోయేలా ఉన్నా, సెట్‌లోని ప్లగ్గుల గ్యాపులు ఒక్కోటి ఒక్కోలా ఉన్నా తిరిగి ఇచ్చేయండి.

కావాల్సిన సామాను

లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్న ప్లగ్ సాకెట్ కావాలి. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువగా 16 మిల్లీమీటర్ల సైజు, కొన్నింటిలో 14, పాత బండ్లలో 21. దానికి రాచెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్, కాయిల్ బోల్టులకు 10 నంబరు స్పానర్, గ్యాప్ కొలిచే పల్చటి ఆకుల ఫిల్లర్ గేజ్, టార్చి, ఉతికిన నూలు గుడ్డ. గాలికి కంప్రెషర్ లేకపోతే టైరుకు కొట్టే ఫుట్ పంపు చాలు, దాని మూతికి సన్నటి గొట్టం తగిలిస్తే గుంత అడుగు దాకా పోతుంది. నోటితో ఊదకండి, దుమ్ము కళ్ళలోకి కొడుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్ ఉంటే మేలు, లేకపోయినా పని ఆగదు.

ప్లగ్గు పైకొనకు బిగుతుగా పట్టే రబ్బరు గొట్టం ముక్క, జానెడు, తప్పకుండా దగ్గర పెట్టుకోండి. దాని ఉపయోగం కింద చెప్తాను.

విప్పడం

రాత్రంతా ఆగి ఉన్న బండి మీదే మొదలుపెట్టండి. ఇనుప ప్లగ్గు, అల్యూమినియం హెడ్డు వేడికి వేర్వేరుగా వ్యాకోచిస్తాయి. వేడి మీద తిప్పితే మెత్తటి అల్యూమినియం మరలే నలుగుతాయి. వేసవిలో ఆరుగంటలకే కూర్చుంటే ఎండెక్కేలోగా అయిపోతుంది. తాళం తీసి జేబులో వేసుకోండి, బ్యాటరీ నెగటివ్ వైరు కూడా విప్పండి.

బానెట్ ఎత్తగానే ఇంజన్ పైభాగమంతా తడిబట్టతో ఒకసారి తుడవండి. కొన్ని బండ్లలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఇంజన్ మీదే కూర్చుని ఉంటుంది. దాన్ని తీయాల్సి వస్తే, తెరుచుకున్న గాలి దారిని శుభ్రమైన గుడ్డతో వెంటనే మూసేయండి.

ఒక సిలిండర్ పని పూర్తిగా ముగించాకే రెండోదాని మీద చెయ్యి వేయండి. ప్లగ్ వైర్లున్న పాత బండ్లలో వైర్లు తారుమారు కావు. అంతకన్నా ముఖ్యం, మిగతా రంధ్రాలు మూసే ఉంటాయి. మా వైపు గాలిలో మూడు రంధ్రాలు ఒకేసారి తెరిచి పెట్టకూడదు.

కాయిల్ కనెక్టర్ లాకును నొక్కి మెల్లగా లాగండి. ఏళ్ళ వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే విరుగుతుంది. 10 నంబరు బోల్టు విప్పి, కాయిల్‌ను అటూ ఇటూ కాస్త తిప్పి రబ్బరు పట్టు వదిలించి నిటారుగా పైకి తీయండి. వైరున్న బండి అయితే వైరును కాకుండా చివరి రబ్బరు తొడుగును పట్టుకుని లాగండి.

ఇప్పుడు టార్చి వేసి గుంతలోకి చూడండి. దుమ్ము, చిన్న రాళ్ళు, ఒక్కోసారి ఎండుటాకు ముక్కలు కూడా ఉంటాయి. గాలి కొట్టండి. కొట్టి, చూసి, మళ్ళీ కొట్టండి. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీల మధ్య తిరిగే మా బావ కారులో అయితే తెల్లటి పొడి తడికి గట్టిపడి సున్నం పట్టినట్టు ఉండింది. సన్నటి బ్రష్షుతో కదిలించి, గాలి కొట్టడానికే ఇరవై నిమిషాలు పట్టింది.

గుంతలో ఆయిల్ కనిపిస్తే ఇంజన్ పైమూత, అంటే ట్యాపెట్ కవర్, దగ్గరి సీలు పోయిందని అర్థం. గుడ్డతో పూర్తిగా అద్ది తీయండి, ఆ సీలు మార్చించుకోండి. లేదంటే కాయిల్ రబ్బరు నాని ఉబ్బిపోతుంది.

సాకెట్ నిటారుగా దించి ఎడమకు తిప్పండి. టక్కుమని పట్టు వదలగానే ఆపండి. ఒకటి రెండు చుట్లు చేత్తో తిప్పి, సాకెట్ తీసేసి, మరోసారి గాలి కొట్టండి. ప్లగ్గు వాషర్ కింద నక్కిన రేణువులు అప్పుడే బయటికి వస్తాయి. చాలామంది వదిలేసేది ఈ రెండో ఊదుడునే, మన నేల మీద అన్నిటికన్నా అవసరమైనదీ అదే. తర్వాత పూర్తిగా విప్పండి.

ప్లగ్గు కిర్రుమంటూ బిగుసుకుంటే బలం పెంచకండి. పావు చుట్టు వెనక్కి బిగించి, మర మీద రెండు చుక్కలు తుప్పు వదిలించే ఆయిల్ వేసి పావుగంట ఆగండి. తర్వాత కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి తిప్పుతూ తీయండి.

పాత ప్లగ్గును చదవడం

తీసిన ప్లగ్గులను సిలిండర్ వరుసలో ఒక అట్ట మీద పెట్టుకోండి. కొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. పొడి నల్లమసి అయితే పెట్రోలు ఎక్కువగా మండుతోందని, లేదా బండి ఎప్పుడూ రెండు కిలోమీటర్లు మించి తిరగడం లేదని. తడి నలుపు, వేలికి జిడ్డు అంటితే ఆయిల్ లోపలికి వస్తోంది, అది పిస్టన్ రింగులదో వాల్వ్ సీళ్ళదో తప్పు, కొత్త ప్లగ్గుతో తీరదు. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే ఆ సిలిండర్‌లో మంటే రావడం లేదు, కాయిల్‌ను అనుమానించండి. పింగాణీ సున్నంలా తెల్లబడి పొక్కులు లేచి ఉంటే ఇంజన్ అతిగా వేడెక్కుతోంది. అది చూశాక రేడియేటర్ నీళ్ళు, ఫ్యాన్ చూడకుండా కర్నూలో బెంగళూరో బయలుదేరకండి.

బయటి తెల్ల పింగాణీ మీద, ఇనుము అంచు దగ్గర గోధుమ రంగు మరక చూసి గ్యాస్ లీకవుతోందని భయపడతారు. అధిక వోల్టేజీకి గాలిలోని నూనె రేణువులు అక్కడ అంటుకోవడం వల్ల వచ్చే మరక అది, మామూలే. పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు నిలువుగా నల్లగీత ఉంటే మాత్రం కరెంటు పక్కదారి పట్టిందని అర్థం. కాయిల్ రబ్బరు లోపల కూడా అలాంటి గీత ఉందేమో చూడండి.

సగం ఆయుష్షు మిగిలిన నికెల్ ప్లగ్గును మెత్తటి బ్రష్షుతో తుడిచి, గ్యాప్ సరిచేసి మళ్ళీ వాడొచ్చు. ఎమరీ పేపర్‌తో రుద్దడం మానండి, దాని రవ్వలు పింగాణీ సందులో ఇరుక్కుంటాయి. ఇరిడియం కొన సూదిలా ఉంటుంది, దానికి బ్రష్షు తాకించనే కూడదు.

కొత్తది బిగించడం

డబ్బాలోంచి తీసిన కొత్త ప్లగ్గుకు కూడా గ్యాప్ చూడండి. ఫిల్లర్ గేజ్ ఆకు కొద్దిపాటి రాపిడితో జారాలి. నికెల్ ప్లగ్గు అయితే పక్క ఎలక్ట్రోడ్‌ను మాత్రమే సుతారంగా వంచాలి, మధ్యదాన్ని కదపకూడదు. ఇరిడియంలో తేడా కనిపిస్తే షాపులో మార్చుకోవడమే మంచిది. మా వరండాలో లాగా మీ ఇంట్లోనూ కడప బండలే పరిచి ఉంటే కింద గోనెసంచి వేసుకోండి. బండ మీద పడ్డ ప్లగ్గు పింగాణీలో కనిపించని చీలిక వచ్చి ఉండొచ్చు, దాన్ని వేయకండి.

ఇప్పుడు ఆ రబ్బరు గొట్టం. ప్లగ్గు పైకొనకు దాన్ని తొడిగి గుంతలోకి దించి, గొట్టాన్ని వేళ్ళతో తిప్పండి. మర సరిగ్గా అందుకుంటే ప్లగ్గు తేలిగ్గా దిగుతుంది. అడ్డంగా పడితే రబ్బరే జారి తిరుగుతుంది, మర మాత్రం చెడదు. మా మేనల్లుడికి నేర్పుతున్నప్పుడు వాడు గొట్టం పక్కన పెట్టి నేరుగా రాచెట్‌తో మొదలుపెట్టాడు. చుట్టు తిరగకముందే, “మామా, గట్టిగా ఉంది, ఇంకొంచెం బలం పెట్టనా?” అన్నాడు. “పెట్టొద్దురా, వెనక్కి తిప్పి పూర్తిగా తియ్యి” అన్నాను. తీసి చూస్తే మొదటి మర అంచున గోరంత మెరుపు. అడ్డం పడబోయింది. గొట్టంతో మళ్ళీ దించాక, ముందు ఎడమకు మెల్లగా తిప్పమన్నాను. మర అంచు టక్కుమని కిందికి దిగిన చోట ఆగి, అక్కడి నుంచి కుడికి తిప్పితే ఆరేడు చుట్లు వేళ్ళతోనే దిగిపోయింది. చివరి వరకు వేళ్ళతోనే దిగాలి, మధ్యలో బిగుసుకుంటే ఎక్కడో తప్పుంది.

చేతి బిగువు అయ్యాక, వాషరున్న కొత్త ప్లగ్గును సాకెట్‌తో అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు బిగించండి. వాషర్ నలిగి కూర్చోవడం చేతికి తెలుస్తుంది. అదే పాత ప్లగ్గును తిరిగి వేస్తుంటే వాషర్ ఇదివరకే నలిగి ఉంటుంది కాబట్టి పన్నెండో వంతు చుట్టు చాలు, గడియారంలో ఒక గంట దూరం. వాషర్ లేకుండా ఏటవాలు అంచుతో కూర్చునే ప్లగ్గుకు పదహారో వంతు. టార్క్ రెంచ్ ఉన్నవాళ్ళు 14 మిల్లీమీటర్ల మర ప్లగ్గుకు అల్యూమినియం హెడ్డులో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20 పెట్టుకోండి, మాన్యువల్ వేరే చెబితే అదే పాటించండి. మరకు గ్రీజు, ఆయిల్ పూయకండి. జారుడు వల్ల అదే బలానికి మర ఎక్కువ బిగిసి సాగుతుంది.

కాయిల్ రబ్బరు లోపలి భాగాన్ని పొడిగుడ్డతో తుడిచి నిటారుగా నొక్కండి. అడుగున ప్లగ్గు కొన పట్టుకోవడం తెలుస్తుంది. కనెక్టర్ క్లిక్కుమనాలి. కాయిల్ బోల్టును చిన్న రాచెట్‌తో, రెండు వేళ్ళ బలంతో బిగిస్తే చాలు.

స్టార్ట్ చేశాక

బ్యాటరీ వైరు తగిలించి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తిరిగి బిగించి, బానెట్ తెరిచే ఉంచి స్టార్ట్ చేయండి. మూడు సిలిండర్ల ఇంజన్‌కు పుట్టుకతోనే కాస్త వణుకు ఉంటుంది, కంగారు పడకండి. ఆ వణుకు ఒకే లయలో ఉంటే సరి. మధ్యలో తడబడుతుంటే ఆపి, ముందు కనెక్టర్లు చూడండి, చాలాసార్లు ఒకటి సగమే దిగి ఉంటుంది.

అయినా తగ్గకపోతే, బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాన్ని చదివే ఓబీడీ స్కానర్‌తో కోడ్ చూడండి. పీ0301 అంటే మొదటి సిలిండర్ మిస్సింగ్, పీ0302 అంటే రెండోది. మొదటిదాని కాయిల్‌ను రెండోదానికి మార్చి మళ్ళీ నడపండి. కోడ్ కూడా రెండోదానికి మారితే కాయిల్ పోయింది. మారకుండా అక్కడే ఉంటే ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాల్సి ఉంటుంది, అది మెకానిక్ పని. ప్లగ్గును బయటికి తీసి ఇంజన్‌కు ఆనించి, సెల్ఫ్ కొట్టి నిప్పురవ్వ చూసే పాత అలవాటు ఈ బండ్లలో వద్దు. షాక్ కొడుతుంది, దగ్గర్లో పెట్రోలు ఆవిరి ఉంటే అంటుకుంటుంది, కాయిల్ కూడా చెడుతుంది.

అదే రోజు ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూడండి. కార్బురేటర్ బండిలో ఫిల్టర్ మూసుకుపోతే పెట్రోలు పాలు పెరిగి ప్లగ్గు నల్లబడుతుంది. ఇంజెక్షన్ బండిలో కంప్యూటర్ చాలావరకు సర్దుకుంటుంది, కానీ ఇంజన్‌కు ఊపిరి ఆడదు, పికప్ పడిపోతుంది. చేల దారుల్లో, క్వారీల వైపు తిరిగే బండికి 5,000 కిలోమీటర్లకోసారి చూడటం అవసరం.

అన్నీ ముగించాక తేదీ, కిలోమీటర్ల రీడింగు, ప్లగ్గు నంబరు ఒక కాగితం మీద రాసి బానెట్ లోపలి వైపు టేపుతో అంటిస్తాను. పాత ప్లగ్గుల్లో బాగున్న ఒకదాన్ని గుడ్డలో చుట్టి, సాకెట్, గొట్టం ముక్కతో పాటు డిక్కీలో స్టెప్నీ పక్కన పెడతాను.